నాలుగో మాట

మట్టలాదివారం ఆరాధన ముగిసింది. పిల్లలు ఈతమట్టలతో ఒకరినొకరు పొడుచుకుంటూ బయటికి పరుగెత్తుతున్నారు. ముత్తయ్య చర్చి గేటు పక్కన వేపచెట్టు నీడలో, చెప్పులు విడవకుండా నిలబడి ఉన్నాడు. లోపల అడుగుపెట్టి ఏడాది దాటింది. అయినా ప్రతి ఆదివారం ఈ వేళకు వచ్చి ఇక్కడ నిలబడక తప్పదు. ఇంటికి పోగానే భార్య బుచ్చవ్వ అడుగుతుంది, ఏం పాట పాడిన్రు, వాక్యం ఎవలు చెప్పిన్రు, ఎవలి బిడ్డకు సంబంధం కుదిరిందని. మైకు పుణ్యమా అని గేటు దాకా అన్నీ వినిపిస్తాయి. దేవుడికి చెవుడు లేనప్పుడు ఇంత చిన్న రేకుల చర్చికి అంత పెద్ద మైకు ఎందుకో ముత్తయ్యకు ఎన్నడూ అర్థం కాలేదు.

ఆ మైకులోనే ఇందాక పాస్టరు ఏడుగురి పేర్లు చదివాడు. వచ్చే శుక్రవారం గుడ్ ఫ్రైడే. సిలువ మీద ప్రభువు పలికిన మాటలు ఏడు. ఒక్కో మాట మీద సంఘంలో ఒక్కొక్కరు లేచి మాట్లాడాలి. మొగుళ్లపల్లి పక్కన ఉన్న ఈ ఊళ్ళో మూడో మాట, తల్లిని చూసి పలికిన మాట, ఎప్పుడూ బుచ్చవ్వదే. ఆమె చెబుతుంటే ముసలివాళ్ళు కొంగులు కళ్ళకు అద్దుకునేవాళ్ళు. రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చి ఆమె కుడిచేతినీ కుడికాలునీ పడేసి, నోటిని ఒక పక్కకు లాగేశాక ఆ మాట పాస్టరు భార్యకు పోయింది.

పాస్టర్ శామ్యూల్ బయటికి వచ్చాడు. ముప్పై దాటని మనిషి, భూపాలపల్లిలో పుట్టి పెరిగినవాడు, చొక్కా ఇస్త్రీ మడత నలగనివ్వడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ముత్తయ్యకు పని సులువయ్యేది.

"వందనాలు అయ్యగారూ."

"వందనాలు ముత్తన్నా. లోపలికి రాకపోతివి?"

"చెప్పులు కొత్తయి. ఎవలన్న ఏస్కపోతరని."

పాస్టరు ఆ అరిగిపోయిన చెప్పుల వంక చూసి నవ్వాడు. ముత్తయ్య నవ్వలేదు.

"బుచ్చవ్వ ఒక ముచ్చట అడగమన్నది. మూడోది కాకుంటే ఏదన్న ఒక్క మాట. జర ఆమెకియ్యరాదు?"

శామ్యూల్ జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "అన్నా, నేను తప్పు మాట్లాడుతలేను. అవ్వ మాట ఎవలకన్న తెలుస్తదా?"

"నాకు తెలుస్తది."

"నీ ఒక్కనికి తెలిస్తె సంఘానికెట్ల?" అని ఆగి, గొంతు తగ్గించాడు. "ఇంకోటున్నదన్నా. మంచిగైనోళ్ళు లేచి నిలవడి చెప్తె సంఘం బలపడ్తది. ఇంకా మంచాననే ఉన్న మనిషిని ముందటేస్తె కొత్తగ వచ్చెటోళ్ళు ఏమనుకుంటరు? ఇన్ని ప్రార్థనలు చేసినా గింతేనా అనరా? అవ్వ లేచిన్నాడు మొదటి సాక్ష్యం ఆమెదే. నేనే మైకిస్త."

"లేవకుంటే?"

"విశ్వాసముండాలె అన్నా," అని శామ్యూల్ అతని భుజం తట్టి, ఎదురుచూస్తున్న బండి వైపు నడిచాడు.

విశ్వాసం. ఆ ముక్క ముత్తయ్య పోయినేడాదే విన్నాడు, ఇంతకంటే పెద్ద మైకులో. భూపాలపల్లిలో స్వస్థత సభలని చెబితే ట్రాలీ ఆటోలో బుచ్చవ్వను తీసుకుపోయాడు. ఎక్కడినుంచో వచ్చిన ఒక దొరబోధకుడు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, పక్కన ఒకాయన ముక్క ముక్కకూ తెలుగులో చెబుతున్నాడు. ఆ బోధకుడు దిగివచ్చి ఆమె రెండు చేతులూ పట్టి లేపాడు. లేచింది. వదిలాడు. పడింది. ఏదో అన్నాడు. పక్కాయన దాన్ని కూడా తెలుగు చేశాడు: ఈ తల్లికి విశ్వాసం తక్కువైంది. ఆ రోజునుంచే ముత్తయ్య గేటు దగ్గర ఆగిపోయాడు.

అందరూ వెళ్ళాక అతను భుజం మీది తువ్వాలలోంచి తాడుముక్క తీసి చర్చి గుమ్మానికి అడ్డంగా పట్టి కొలిచాడు. అంచు దగ్గర ఒక ముడి వేశాడు. లోపల చాపలు చుడుతున్న శైలజ చూసింది. అంగన్‌వాడీలో పనిచేస్తుంది, ఆదివారం ఇక్కడ పిల్లలకు పాటలు నేర్పుతుంది.

"ఏంది మామా, తలుపెత్తుకపోతవా?"

"తలుపెందుకు? మంచం తెస్త."

"ఎవలకు?"

"మీ అత్తకు. శుక్రారం ఈడ్నె పంటది. అందరు చూడనీ."

శైలజ చాప వదిలేసి గుమ్మం దగ్గరికి వచ్చింది. "గా మంచం ఈ దర్వాజల పట్టదు గదా."

"పట్టెటట్టు చేస్త," అన్నాడు ముత్తయ్య. మంచాలు అల్లడం తప్ప అతనికి ఇంకో విద్య రాదు. ఆ విద్యతోనే వీళ్ళ పని పట్టాలని అతను అప్పటికే తీర్మానించుకున్నాడు.

బుచ్చవ్వ చూరు కింద మంచంలో, పొట్టమీద చాట పెట్టుకుని ఎడమచేత్తో చింతపండు గింజలు తీస్తోంది. అతను రాగానే నోరు కదిపింది. కొత్తవాళ్ళకైతే అది మాట కాదు, నోట్లో అన్నం ముద్ద పెట్టుకుని మూలిగినట్టు ఉంటుంది. ముత్తయ్యకు మాత్రం స్పష్టంగా వినిపించింది: ఏమన్నడు?

"ఇయ్యనన్నడు. నీ నోరు సక్కగ లేదట."

నీ నోరు సక్కగున్నదా, అంది బుచ్చవ్వ.

వద్దనుకున్నా అతనికి నవ్వొచ్చింది. గడపమీద కూర్చుని చెప్పులు విడిచాడు. నాలుగోది ఎవలకిచ్చిన్రని అడిగింది.

"చంద్రమౌళికి, గనిల పనిచేస్తడు సూడు, ఆయనకు. ఎవలు తీసుకోకుంటె మళ్ళ ఆయన నెత్తిమీదనే వడ్డది."

దేవుడా, నన్నెందుకు ఇడిసిపెట్టినవని ప్రభువు కేకపెట్టిన మాట అది. క్షమించడం గురించో పరలోకం గురించో అయితే ఎవరైనా గడియారం చూడకుండా చెబుతారు. దేవుని కొడుకే దేవుణ్ణి అట్లా నిలదీస్తే దాని మీద ఏం చెప్పాలో ఎవరికీ తోచదు. పోయినేడు చంద్రమౌళి లేచి, గొంతు సవరించుకుని, రెండు ముక్కలు చెప్పి పాట అందుకున్నాడు.

నాకైతె గదే గావాలె, అంది బుచ్చవ్వ. మూడోది చెప్పినన్నాళ్ళు చెప్పిన. నాలుగోది ఇప్పుడు తెలిసింది.

"ఏం తెలిసింది?"

నీకు చెప్తె సగం ఇని లేచిపోతవ్. ఆడ్నె చెప్త.

"ఇంకా ఆయనతోటే మాట్లాడుడు. ఒక్కనాడన్న జవాబిచ్చిండా నీకు?"

నువ్విస్తున్నవా? లగ్గమైనప్పటిసంది మాట్లాడవడ్తి నీతోటి.

ముత్తయ్య లేచి పెరట్లోకి పోయాడు. వెనక నుంచి ఆమె నవ్వు వినిపించింది. ఆ ఒక్కటీ పక్షవాతం ముందు ఎట్లా ఉండేదో ఇప్పుడూ అట్లాగే ఉంది.

మర్నాడు పొద్దున్నే అటక మీది పాత వేపకర్ర మంచం దించి, నులకంతా కోసి పారేశాడు. పొడుగు పట్టెలు అట్లాగే ఉంచి, అడ్డపట్టెలు రెండూ బయటికి తీశాడు. తాడుమీద ముడి ఉన్నచోటికి కొలిచి, మోసేవాళ్ళ చేతులు గుమ్మానికి తగలకుండా ఇంకో జానెడు తగ్గించి రంపం పెట్టాడు. కొసలను ఉలితో కొంచెం కొంచెం చెక్కుతూ, కోళ్ళ బెజ్జాల్లో పెట్టి చూసి, మళ్ళీ తీసి చెక్కాడు. గట్టిగా దిగాలి. కొద్దిగా వదులున్నా ఎత్తినప్పుడు మంచం కిర్రుమంటుంది. వీళ్ళ ముందు తన మంచం కిర్రుమనడం అతనికి ఇష్టంలేదు.

నులక కోసం మొగుళ్లపల్లి బజారులో మజీద్ దుకాణానికి పోయాడు. తాళ్ళు, వైర్లు, చాపలు అమ్మే మజీద్‌కూ ముత్తయ్యకూ ఇద్దరికీ మీసాలు రానప్పటి దోస్తీ.

"నులకనా?" మజీద్ కళ్ళజోడు పైకి నెట్టాడు. "గిప్పుడెవలడుగుతున్నరు ముత్తయ్యా నులక? పెండ్లి మంచానికి గూడ వైరే అంటున్నరు."

"వైరు ఆమె ఈపును కోస్తది."

మజీద్ లేచాడు. నిచ్చెనెక్కి, పైనుంచి దుమ్ము పట్టిన జనుప నులక చుట్ట ఒకటి కిందికి విసిరాడు. ఇద్దరూ దగ్గారు.

"మోసెటందుకు మనుషులు గావాలె. శుక్రారం పగటేళ, మా గుడికి."

"శుక్రారమా? నాకు జుమ్మా నమాజున్నది గదా."

"మాకు గూడ గా శుక్రారమే వచ్చింది. ఏంజెయ్యాలె?"

"అరె, పరేషాన్ గాకు. దించి నమాజుకు పోత, నమాజైనంక వచ్చి ఎత్తుకపోత. ఇంతియాజ్‌ను గూడ తీస్కొస్త," అన్నాడు మజీద్. ఇంతియాజ్ అతని తమ్ముడు. "భాభీని అల్లా ఇంటికి మోసుడే గదా. ఏ ఇల్లైతే ఏంది?"

నులకను గంగాళంలో నానబెట్టి, మెత్తబడ్డాక అల్లడం మొదలుపెట్టాడు. తడిగా ఉన్నప్పుడు అల్లితే ఆరేకొద్దీ బిగుస్తుంది. అయితే అది ఇద్దరి పని. ఒకరు తాడు దూర్చి లాగుతుంటే ఇంకొకరు అవతల సడలకుండా పట్టాలి. ఇదివరకు అవతల ఎప్పుడూ బుచ్చవ్వే. ఈ రెండేళ్ళూ గోడకు మేకు కొట్టి దానికి చుట్టి లాక్కుంటున్నాడు. ఇప్పుడు కూడా మేకు వైపు పోతుంటే ఆమె మంచంలోంచి ఎడమచెయ్యి చాపింది.

"నీతోటి గాదు తియ్యి."

చెయ్యి అట్లాగే చాపి ఉంచింది. ఇచ్చాడు. తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని పిడికిలి బిగించింది. అతను లాగాడు. ఆమె భుజం కదిలింది కాని పిడికిలి వదలలేదు. రెండు పోగులు పైకి, రెండు కిందికి. లాగుమంటే లాగాడు, ఆగుమంటే ఆగాడు. ఎండ చూరు దాటి వాకిట్లోకి జరిగేదాకా ఇద్దరూ అట్లా అల్లుతూనే ఉన్నారు. మధ్యలో ఆమె ఏదో పాట కూనిరాగం తీస్తే, ముత్తయ్య ఆ వరసకే తాడు లాగుతున్నట్టు కొంతసేపటికిగాని గమనించుకోలేదు. గమనించాక కావాలని వరస తప్పించాడు.

చేతులు అల్లుతున్నా అతని మనసు వేరేచోట ఉంది. శుక్రవారం ఆమెను సంఘం నడిమధ్యలో దించుతాడు. ఏడు మాటలూ కానిస్తాడు. అప్పుడు లేచి ఎనిమిదో మాట తను చెబుతాడు. చూడున్రి, మీ ప్రార్థనల ఫలం ఇగో ఇట్లున్నది. మీరే పడగొట్టి, మీరే విశ్వాసం లేదన్నరు. ఇదీ ఆ మాట. దాన్ని ఎన్నిసార్లు నెమరేసుకున్నాడో, నాలుక మీద అరిగి నున్నగా అయింది.

శుక్రవారం పొద్దున బుచ్చవ్వకు తలంటి, తెల్లచీర కట్టాడు. నలుగురూ మంచానికి నాలుగు కోళ్ళు పట్టారు: ముందు మజీద్, ఇంతియాజ్, వెనక ముత్తయ్య, శైలజ. ఊరి నడుమ నుంచి పోతుంటే ఆమె దేనికో నవ్వుతూనే ఉంది.

"ఏమంటాంది మామా?" అని శైలజ అడిగింది.

"పెండ్లప్పుడు ఇంత మర్యాద చెయ్యలేదట నేను."

"ముత్తయ్యా, భాభీ మాట నీకే ఎట్ల తెలుస్తదిరా? మాకు ముక్క సమజైతలేదు," అన్నాడు మజీద్ రొప్పుతూ.

"ఇనాలె. ఇంటె తెలుస్తది."

మంచం గుమ్మంలోంచి రాసుకోకుండా దూరింది. చర్చిలో జనం లేచి దారి ఇచ్చారు. నడిమధ్యలో దించి, మజీద్, ఇంతియాజ్ టోపీలు సవరించుకుంటూ మసీదు వైపు వెళ్ళిపోయారు. పాస్టరు శామ్యూల్ వేదిక మీదినుంచి చూశాడు. పెదవులు బిగించి, పాటల పుస్తకం తెరిచాడు. చెప్పులు బయట విడిచి వచ్చినట్టు ముత్తయ్యకు అప్పుడుగాని తోచలేదు. మంచం తలాపున కింద కూర్చున్నాడు.

మొదటి మాట అయింది. రెండోది అయింది. మూడోది పాస్టరు భార్య చెబుతుంటే బుచ్చవ్వ కళ్ళు మూసుకుని వింది. పాట అయ్యాక పాస్టరు జనంలోకి చూసి, "నాలుగో మాట, చంద్రమౌళి అన్నా," అని పిలిచాడు.

ఎవరూ లేవలేదు. వెనకనుంచి ఒకాయన చెప్పాడు, చంద్రమౌళి పొద్దటి షిఫ్టుకు పోయిండు, తిరిగొచ్చెటందుకు బస్సు దొరకక ఇంకా భూపాలపల్లి బస్టాండ్లనే ఉన్నడట, ఇప్పుడే ఫోన్ చేసిండు అని. పాస్టరు ఒక్కొక్కరి వైపే చూశాడు. చూసిన వాళ్ళందరూ చాపల వంక చూశారు.

శైలజ లేచింది. "అయ్యగారూ, మా బుచ్చవ్వత్త ఉన్నది గదా."

"ఉన్నదమ్మా. కాని ఎవలకు తెలుస్తది?"

"భూపాలపల్లి సభల ఆ దొర ఇంగ్లీషుల చెప్తె మనకు తెలిసిందా? పక్కకు ఒకాయన నిలవడి చెప్పలేదా? గిప్పుడు మామ చెప్తడు."

జనంలో చిన్న కదలిక. ఎవరో ముసలావిడ "చెప్పనియ్యున్రి, పాపం," అంది. పాస్టరు మైకు తీగ విప్పుకుంటూ కిందికి దిగివచ్చి, ముత్తయ్య చేతిలో పెట్టాడు. "ఆమె చెప్పిందే చెప్పన్నా," అన్నాడు మెల్లగా.

మైకు బరువుగా ఉంది. ముత్తయ్య లేచి మంచం పక్కన నిలబడ్డాడు. ఎనిమిదో మాట దాకా ఆగనక్కర లేదు. ఇక్కడున్న వాళ్ళెవరికీ ఆమె మాట తెలియదు. తను ఏది చెబితే అదే ఆమె అన్నట్టు.

బుచ్చవ్వ మూలిగినట్టు ఒక మాట అంది.

"అందరికి వందనాలంటాంది," అన్నాడు. తన గొంతే మైకులో కొత్తగా వినిపించింది.

మళ్ళీ అంది. "పోయినేడు సభల నేను పడ్డ." అని చెప్పి ముత్తయ్య ఆగాడు. ఇదే సమయం. నున్నగా అరిగిన ఆ మాట నాలుక కొసకు వచ్చింది. బుచ్చవ్వ అతని వైపు చూస్తోంది. ఆమెకు పోయింది నోరే, చెవులు కావు. ఇంకో ముక్క అంది. ముత్తయ్య దాన్నే అందుకున్నాడు.

"పడ్డప్పుడు... నాకు నవ్వచ్చింది. నాకంటె ఆ దొరనే ఎక్కువ బుగులువడి ఎనుకకు జరిగిండు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు చాపల మీదుగా ముందుకు పాకింది. గుడ్ ఫ్రైడే అని గుర్తొచ్చి కొందరు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

ఇక ఆమె ఆగలేదు. ఒక్కో ముక్క చెప్పి అతనికోసం ఆగింది. అతను దాన్ని ఎత్తుకుని, ఏమీ కలపకుండా, ఏమీ తియ్యకుండా ఇవతల పెట్టాడు. తడినులక పోగు అందుకున్నట్టే ఉంది పని.

"విశ్వాసం లేదన్నరు నన్ను. నిజమేనేమో అని మస్తు రోజులు ఏడ్చిన."

"ఎందుకిట్ల చేసినవని దేవుణ్ణి అడిగిన. అడుగుడు తప్పని భయపడ్డ."

"మళ్ళ యాదికొచ్చింది. ప్రభువు గూడ గదే అడిగిండు. సిలువ మీదనే ఉండి గట్టిగ ఒర్రి అడిగిండు. మరి ఆయనకు ఇశ్వాసం లేదా?"

శామ్యూల్ వేదిక మెట్టుమీద కూర్చుండిపోయాడు. ఇస్త్రీ మడత గురించి పట్టించుకోలేదు.

"ఆయనకు జవాబు రాలే. ఆకాశంల కెళ్ళి ఒక్క మాట రాలే. దిగిరా అని ఎవలు దించలే. నొప్పి తక్కువ చెయ్యలే."

"కాని కింద ఆయన అమ్మ ఉన్నది. ఏం చెయ్యచాతగాలే ఆమెకు. నిలవడ్డది. గంతే. పోలే."

"నా మూడో మాట గూడ అప్పుడే నాకు మంచిగ తెలిసింది."

బుచ్చవ్వ ఊపిరి పీల్చుకుంది. చూపు జనం మీదినుంచి తిప్పి ముత్తయ్య మీద పెట్టింది. నిదానంగా, ఒక్కో అక్షరాన్ని ఎడమ పెదవితో పట్టి నెడుతున్నట్టు చెప్పింది.

నాకూ జవాబు రాలే. కాని ఈయన పోలే.

ముత్తయ్య మైకు నోటిదగ్గరికి తెచ్చాడు. అందరూ అతని వైపే చూస్తున్నారు. మైకు దించాడు. మళ్ళీ ఎత్తాడు.

"నీళ్ళడుగుతాంది," అన్నాడు.

శామ్యూల్ గబుక్కున లేచి, కూజాలోంచి గ్లాసులో నీళ్ళు ముంచుకుని వచ్చాడు. కాని మంచం దగ్గరికి వచ్చేసరికి ముందు వరసలో ఆడవాళ్ళు నవ్వుతున్నారు. ఏడుస్తూ నవ్వుతున్నారు. ఇందాకటి ముసలావిడ మోకాళ్ళమీద పైకి లేచింది.

"నీళ్ళు గాదు ముత్తయ్యా. మాకు తెలిసింది. మేము ఇన్నం."

"మాకు గూడ తెలిసింది," అన్నారు మగవాళ్ళ వైపు నుంచి.

"చెప్పు మామా," అంది శైలజ. "ఆమె చెప్పిందే చెప్పాలె నువ్వు."

ముత్తయ్య చెబుదామనే అనుకున్నాడు. నోరు తెరిచాడు. నాలుక కదిలింది కాని దానిమీదికి ఏమీ రాలేదు. గొంతులో ఏదో పెద్ద చప్పుడొకటి లేచి, మైకులోంచి చర్చి అంతా తిరిగి, రేకులకు కొట్టుకుని మళ్ళీ అతని చెవుల్లోనే పడింది. బుచ్చవ్వ ఎడమచేత్తో అతని చొక్కా అంచు పట్టి లాగింది. మంచం కిర్రుమనలేదు. ఆమె జనం వైపు మొహం తిప్పి ఒక మాట అంది.

ఆయనకు మాట వస్తలేదు.

ఎవరూ ఎవరినీ ఏమందని అడగలేదు. శామ్యూల్ గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఒక క్షణం ఆమె వైపు చూసి, ఆమె కళ్ళతో చూపిన వైపు తిరిగాడు.

ఆ నీళ్ళు ముత్తయ్యే తాగాడు.